భూతం తిన్న అంజూరాలు

పూర్ణఘట్ట నగరాన్ని ఆ ఉదయం నిద్రలేపినది సూర్యుడు కాదు, వధ్యభేరి. కోట బురుజుల మీది స్వర్ణకలశాలు ఇంకా ఎర్రబడకముందే ఆ భేరి మోత వీధి వీధికీ పాకింది. జనం పనులు మానుకొని, పిల్లలను చంకనెత్తుకొని, దారిలో తినడానికి వేయించిన సెనగలు కొంగున కట్టుకొని రాజసభకు బయలుదేరారు. ఒక మనిషిని భూతబిలంలోకి దింపుతున్నారంటే ఆ నగరవాసులకు అంత ఉత్సాహం. దింపేది తమను కాదన్న సంతోషాన్ని వారు భక్తి అని పిలుచుకొనేవారు.

సభామండపం మాత్రం చూడదగ్గదే. పగడపు స్తంభాల మీద పచ్చల కన్నుల నెమళ్ళు, చంద్రకాంతపు నేల మీద వెండి తామరలు, కప్పునుంచి వేలాడే గొలుసులకు వజ్రాలు పొదిగిన దీపాలు. ఈ వైభవమంతటికీ నడుమ, ఏనుగుదంతపు వేదిక మీద, పట్టుగొడుగు నీడలో, ఒక కుంచం ఉండేది. బంగారు కుంచం. ఇళ్ళలో ధాన్యం కొలిచే కుంచం ఎంత ఉంటుందో అంతే. దానికి పేరు దేవకుంచం. రాజు భూరివర్మ సింహాసనం ఎక్కేముందు దానికి సాష్టాంగపడేవాడు. ఆ రాజ్యంలో బియ్యం, నూనె, ఉప్పు, బెల్లం, పళ్ళు, పూలు, సమస్తమూ కుంచంతోనే కొలవాలి. త్రాసు పట్టినవాడికి చేతులు తెగేవి. వస్తువును తూచితే దాని సారం గాలిలో కలిసిపోతుందని జంభకర్ణుడనే మాంత్రికుడు భూరివర్మ తండ్రికి ఉపదేశించాడు. నమ్మడానికి ఏ శ్రమా పడనక్కరలేదు కనుక ఆయన నమ్మాడు. తండ్రి నమ్మాడు కనుక కొడుకు నమ్మాడు.

ఆ రాజ్యపు గర్వమంతా అంజూరపు తోటలు. ఫలోత్సవంనాడు రాజు పంచిపెట్టే అంజూర పాకం కోసం ప్రతి ఏటా బండ్ల కొద్దీ పళ్ళు పాకశాలకు వచ్చేవి. కోటద్వారం దగ్గర వాటిని కుంచాలతో కొలిచేవారు. పాకశాలలో ముక్కలు కోశాక మళ్ళీ కొలిచేవారు. ప్రతిసారీ ఇంచుమించు పావు వంతు తగ్గేది. అంజూరానికి తొక్క తీయరు, గింజ తీయరు. మరి ఆ పావు ఎక్కడికి పోయింది? ప్రశ్న సరైనదే. సమాధానం వెతకవలసిన పని లేకుండా జంభకర్ణుడు సిద్ధంగా ఉన్నాడు. కొండ కింది బిలంలో ఒక భూతం ఉందట. కంటికి కనబడకుండా వచ్చి తినిపోతుందట. ప్రతి తోటనుంచీ నాలుగో భాగం బిలంలోకి దింపితే శాంతిస్తుందట. దింపినా పాకశాలలో పావు వంతు తగ్గుతూనే ఉండేది. ఆ సంగతి ఎవరికీ వింతగా తోచలేదు. భూతాలకు ఆకలి ఎంతైనా వేయవచ్చు. కాని లోకంలోని రుచులన్నీ వదిలి అంజూరాలకే మరిగిన భూతాన్ని గురించి ఒక్కరైనా అనుమానపడకపోవడం ఆ రాజ్యపు అసలైన అద్భుతం.

ఈ ఏడు పాకశాలాధ్యక్షురాలు మందారిక పాకశాల పళ్ళలోంచి భూతభాగం ఇవ్వనన్నది. "నా వంటింట్లో ఎవరు తిన్నా నాకు కనబడతారు" అన్నది. ఫలోత్సవానికి ముందే పాకం నురుగు కట్టి పులిసింది. భూతం ఆగ్రహించిందన్నాడు జంభకర్ణుడు. అంతటితో ఆగక, తగ్గిన పావు వంతు ఈసారి తిన్నది ఈమేనని, భూతానికి దక్కవలసినది దొంగిలించిందని నేరం మోపాడు. దొంగకు శిక్ష భూతబిలం. ఆ భేరి మోగినది ఆమె కోసం.

సభలో తలారుల నడుమ మందారిక నిలబడి ఉంది. నడివయసు మనిషి, బలమైన భుజాలు, నుదుటి మీద చెమటకు చెదిరిన బొట్టు. ఆమె వెనుక, స్తంభానికి ఆనుకొని, కావడి భుజాన వేసుకొన్న ఒక కూలివాడు నిలబడి ఉన్నాడు. వాడి మోకాళ్ళ మీద బురద, తలకు చిరిగిన పాగా. ఆ పాగా కింద ఉన్నది తులాద్వీప రాకుమారుడు నీలాంగదుడి తల. తన తండ్రి రాజముద్రికను అపహరించి పారిపోయిన ఒక మాయలవాడి జాడ పట్టుకొని, ఏడు సముద్రాలలో మూడింటిని దాటి అతడు ఈ నగరం చేరాడు. వెదురు కావడి బద్దలోని కణుపులన్నీ తొలిపించి, నడిమధ్యన దూది కుక్కి, సన్నని ఖడ్గం ఒకటి దాచుకొన్నాడు. పాకశాలలో పళ్ళు మోసే పనికి కుదిరాడు.

నిన్న మధ్యాహ్నం వరకూ అతడు కూడా ఆమెను దొంగనే అనుకొన్నాడు.

తీర్పు అమలయ్యేవరకూ మందారికను చెరసాలలో పెట్టలేదు. పెడితే రాజుగారికి వండేదెవరు? పాకశాల వాకిట కాపలా ఉంచి, లోపల ఆమెచేతనే వండించుకొన్నారు. నీలాంగదుడు కావడి దించి, నిండు కుంచం పక్కన గొంతుక్కూర్చుని మెల్లగా అడిగాడు.

"అక్కా, ఎవరూ వినడం లేదు. నిజం చెప్పు. ఆ పావు వంతు ఎక్కడ దాచావు?"

మందారిక కత్తిపీట మీదనుంచి కళ్ళెత్తలేదు. "ఎవర్నడుగుతున్నావు?"

"నిన్నే. మా దేశంలో కుంచెడు నీళ్ళు ఎంత తూగుతాయో పసివాళ్ళకు కూడా తెలుసు. కుంచం ఒకటే కాబట్టి కుంచెడు పళ్ళూ అంతే తూగాలి. ఇందాక ఈ నిండు కుంచం ఎత్తి చూశాను, చాలా తేలిగ్గా ఉంది. పళ్ళు పోయినట్టేగా."

"మీ దేశంలో అందరూ ఇట్లాగే ఉంటారా, నిన్నొక్కణ్ణే ఏరి పంపించారా?"

"కోప్పడితే లెక్క మారదు."

"లెక్కట. కావడి పట్టుకోవడం ఇంకా చేతకాలేదు, నాకు లెక్కలు చెప్పొచ్చాడు. భూతం తిన్నదంటాడు ఆ గడ్డమాయన. నేను తిన్నానంటావు నువ్వు. కుంచాలకు కుంచాలు మింగి ఇట్లా నిలబడ్డానంటే నేనే భూతాన్నయి ఉండాలి." అంటూనే చేతికందిన చెంబెడు నీళ్ళు వాడి మొహం మీదికి విసిరింది.

రాకుమారుడు యుద్ధవిద్య నేర్చినవాడు, చప్పున తల వంచాడు. నీళ్ళన్నీ పోయి నిండు కుంచంలో పడ్డాయి. ఒక్క చుక్కైనా బయటికి పొర్లలేదు.

ఇద్దరూ కుంచం వంక చూశారు. పళ్ళు అంచుదాకా ఉన్నవి అట్లాగే ఉన్నాయి. నీలాంగదుడు చెంబు అందుకొని కుండలోంచి మరికొన్ని నీళ్ళు ముంచి పోశాడు. అవీ లోపలికి దిగాయి. ఇంకొన్ని పోస్తేగాని అంచు తడవలేదు.

"ఏమయ్యా, లెక్క గొంతుకు అడ్డం పడిందా?" అంది మందారిక.

అతడు కుంచంలోంచి తడిసిన పండొకటి తీసి చూపించాడు. "పండుకూ పండుకూ మధ్య గాలి ఉంది, అక్కా. దాన్ని కూడా కొలిచారు మీ రాజ్యంలో. కోస్తే ముక్కలు సర్దుకున్నాయి, గాలి పోయింది. పోయిన గాలి కనబడలేదని మనుషుల్ని చంపుతున్నారు."

"మరి నన్ను దొంగనన్నావే."

"నేనూ ఆ గాలినే నీళ్ళతో సమానంగా తూచబోయాను. తప్పు నాదే."

"తప్పు ఒప్పుకుంటే నా మెడ నిలుస్తుందా? రేపు ఇది సభలో ఎట్లా చెబుతావు? నీళ్ళు పోసి చూపిస్తే, చూశారా భూతం తాగేసింది అంటాడాయన. అందరూ అవునవునంటారు."

"తూచి చూపిస్తాను. కోసినా కోయకపోయినా బరువు మారదు."

"త్రాసు పట్టుకో, పండు కోసినట్టు నీ చేతులు కోస్తారు."

నీలాంగదుడు గోడకు ఆనించిన కావడి వైపు చూశాడు. ఒక బద్ద, రెండు కొసల రెండు తట్టలు. త్రాసును నిషేధించిన ఆ రాజ్యంలో అది ప్రతి కూలివాడి భుజం మీదా ఊగుతూనే ఉంది.

ఇప్పుడు సభలో జంభకర్ణుడు లేచి నిలబడ్డాడు. కుంకుమ పులిమిన గడ్డం, నల్ల కంబళి, చేతికి తోలు తొడుగులు, మెడలో ఎముకల హారం. అవి పుర్రెల నుంచి తీసిన మహావీరుల దంతాలని జనం చెప్పుకొనేవారు. మేకలను కోసిన అనుభవం ఉన్నవారెవరైనా దగ్గరగా చూస్తే మరొకటి చెప్పి ఉండేవారు.

"మహారాజా, ఆలస్యం దేనికి. బిలంలో ఆకలి గురగురమంటున్నది. నాకు వినబడుతున్నది."

"మాకెవరికీ వినబడదేం, స్వామీ?" అన్నాడు స్తంభం దగ్గరి కూలివాడు.

సభ మొత్తం అటు తిరిగింది. భూరివర్మ కిరీటం బరువుకు వాలిన తలను కొంచెం ఎత్తాడు. ఆ తల వాలింది ఆలోచన వల్లనని ఆస్థానకవులు వ్రాసేవారు. "ఎవడు వాడు?"

"పాకశాలలో కావడి మోసేవాణ్ణి, ఏలినవారూ. ఆమెను దింపేముందు చిన్న మనవి. పళ్ళు తగ్గాయో లేదో నా కావడి చెబుతుంది. తగ్గినట్టు తేలితే నన్ను కూడా దింపేయండి."

"అది త్రాసు. మహాపాపం" అన్నాడు జంభకర్ణుడు.

"కావడి, స్వామీ. మీ బిలానికి పళ్ళు మోసేది దీంతోనే. ఇది పాపమైతే మీ భూతం ఇన్నాళ్ళూ పాపపు కూడే తిన్నట్టు."

జనంలో ఎవరో కిసుక్కుమన్నారు. రాజుకు కూడా నవ్వు వచ్చింది. పొద్దుటే ఒక వినోదానికి బదులు రెండు దొరికాయన్న తృప్తితో చేయి ఊపి అనుమతించాడు.

నీలాంగదుడు దీపపు గొలుసుకు తాడు కట్టి, కావడి బద్దను సరిగ్గా నడిమికి వేలాడదీశాడు. రెండు తట్టల్లోనూ అరటాకు పరిచి, కుంచెడు చొప్పున అంజూరాలు పోశాడు. ఒక వైపు ఒక పండు తీసి, ఒక వైపు ఒక పండు వేసి, బద్ద నీటిమట్టంలా నిలిచేవరకూ సరిచూశాడు. తరువాత ఒక తట్ట విప్పి మందారిక ముందు పెట్టాడు. ఆమె ఆ అరటాకు మీదనే, రసం చుక్క జారకుండా, పళ్ళన్నిటినీ సన్నగా తరిగింది. తట్ట విప్పగానే బద్ద రెండో వైపుకు ఒరిగిపోయింది. వెదురు లోపల ఏదో సర్రున జారిన చప్పుడు నీలాంగదుడి చెవికి తగిలింది. ఆ హడావిడిలో అది ఏమిటో అతడికి తోచలేదు.

తరిగిన ముక్కలను కుంచంలో పోశారు. అంచుకు బాగా కిందనే ఆగిపోయాయి.

"చూశారుగా. మీ అందరి కళ్ళముందే వచ్చి తినిపోయింది" అన్నాడు జంభకర్ణుడు. సభ నమస్కరించింది.

ముక్కలను, ఆకును, ఆకుమీది రసాన్ని తిరిగి తట్టలో చేర్చి, తట్టను బద్దకు తగిలించారు. బద్ద కదిలింది. నిలిచింది. కోసిన పళ్ళ తట్ట పైకి, కోయని పళ్ళ తట్ట కిందికి.

నవ్వులు స్తంభాలను తాకి తిరిగి వచ్చాయి. తలారి మందారిక భుజం పట్టుకొన్నాడు. ఆమె కూలివాడి వంక చూసి, "నేను చెప్పలా, నీ లెక్కలు" అన్నది నెమ్మదిగా. ఈసారి ఆ గొంతులో వెటకారం లేదు. అదే అతణ్ణి కుదిపింది.

ఆ క్షణంలో నీలాంగదుడికి ఆ సర్రుమన్న చప్పుడు ఏమిటో అర్థమయింది. బద్ద ఒరిగినప్పుడు దూది ఊడి, ఖడ్గం బరువైన కొసకు జారింది. దాన్ని బయటికి తీస్తే కావడి నిజం చెబుతుంది. కాని సభలోకి ఆయుధం తెచ్చినవాడికి ఆ రాజ్యంలో మరణదండన. అతడు పాగా విప్పి నేల మీద పడవేశాడు. వెదురు కొసను పట్టుకొని లాగాడు. నీలిరంగు ఖడ్గం దీపాల వెలుగులో తళతళ మెరుస్తూ బయటికి వచ్చింది. సామంతులు సింహాసనం వెనక్కు పరుగెత్తారు. పరుగెత్తడంలో వారికి చక్కని అభ్యాసం ఉంది.

అతడు ఎవరినీ పొడవలేదు. కావడి వైపు చూపించాడు. బద్ద ఒకసారి ఊగి, రెండోసారి ఊగి, నీటిమట్టంలా నిలిచింది. కోసిన పళ్ళూ, కోయని పళ్ళూ, సమానం.

"తులాద్వీపాధీశుడి కొడుకుని. నా పేరు నీలాంగదుడు. ఈ ఆడమనిషి ఒక్క పండు తినలేదు. మీరు కొలిచినది కొంత పండు, కొంత గాలి."

భూరివర్మ కనుబొమలు ముడిపడ్డాయి. "అయితే పాకం ఎందుకు పులిసింది?"

"ఎట్లా వండావో చెప్పు, అక్కా."

"కుంచం పళ్ళకు అర కుంచం బెల్లం. నాకు ముందు పాకశాల చూసిన పెద్దావిడ చెప్పిన పాళం అదే" అన్నది మందారిక. "ఆవిడ కోయకముందు కొలిచేది. నేను కోశాక కొలిచాను."

"బెల్లం?"

"గడ్డలుగానే."

"అదిగో. పళ్ళ కుంచంలో గాలి పోయింది, బెల్లం కుంచంలో గాలి నిలిచింది. పండు ఎక్కువయింది, బెల్లం చాలలేదు, పులిసింది. ఇందులో భూతానికేం పని? రెండు వీశెల పండుకు వీశె బెల్లం తూచి వేసి చూడండి. పండు కోసినా కోయకపోయినా, బెల్లం గడ్డయినా పొడైనా, వీశె వీశెగానే ఉంటుంది. ఒక్కో పండుకు ఒక్కో కుంచం ఎన్ని వీశెలో ముందే తూచి పెట్టుకుంటే, రేపటినుంచి కుంచం పట్టినా తప్పు రాదు. నేరేడుకు ఒకటి, అంజూరానికి ఒకటి. అన్నిటికీ ఒకటే అనుకునేవాడు నాలాంటి మూర్ఖుడు."

భూరివర్మ తెలివితక్కువవాడు కాడు. అతడిలోని నీచత్వమంతా అక్కడే ఉంది. కూలివాడి కావడి చెప్పినది అతడికి పూర్తిగా అర్థమయింది. ఒప్పుకొంటే తన తండ్రి వెర్రివాడు, తాను వెర్రివాడి కొడుకు, ఇన్నాళ్ళూ బిలంలోకి దింపిన వారందరూ నిరపరాధులు. ఒక వంటమనిషి ప్రాణంకంటే ఆ సంగతి అతడికి బరువనిపించింది.

"యువకుడా, భూతం లేదంటావు. మంచిది" అన్నాడు తీయగా. "లేని భూతం ఈమెను ఏం చేస్తుంది? శిక్ష జరగనీ. మా నాన్నగారి కాలంనుంచి దింపిన పళ్ళు ఏమయ్యాయో చూసి, ఈ దేవకుంచంతో రుజువు కొలుచుకొని పైకి రానీ. వస్తే నిర్దోషి. రాకపోతే భూతం ఉన్నట్టే. నీవు కూడా వెళ్ళు. కత్తి ఉండనీ, భూతానికి దంతాలు కుట్టుకోవడానికి పనికొస్తుంది."

ధర్మమూర్తి అంటూ ఆస్థానం అంతా తలలూపింది. నీలాంగదుడు మాంత్రికుడి వైపు తిరిగాడు. జంభకర్ణుడి ఆసనం ఖాళీగా ఉంది.

భూతబిలం కొండ పాదాన, నల్లరాతి రాక్షసుడి నోరులా చెక్కి ఉంది. గానుగలాంటి రాట్నానికి చుట్టిన మోకు, మోకుకు పెద్ద గంప. అదే గంపలో పళ్ళు దింపేవారు, అదే గంపలో మనుషులను దింపేవారు. మందారిక బంగారు కుంచాన్ని ఒడిలో పెట్టుకొని కూర్చుంది. నీలాంగదుడు ఎదురుగా ఒదిగాడు. గంప చీకట్లోకి దిగసాగింది. పైనున్న వెలుతురు పళ్ళెమంతయి, ఉసిరికాయంతయి, ఆవగింజంతయింది. దిగుతూనే అతడు తండ్రి ముద్రిక పోయిన సంగతి చెప్పాడు.

"నా కోసం వచ్చారా, ఉంగరం కోసమా?" అన్నది మందారిక.

"నిన్ను దొంగనన్నందుకు."

"కుదురుగా కూర్చోండి మరి. మీ వైపు ఒరిగిపోతోంది."

కిందనుంచి గాలి వచ్చింది. మందారిక ముక్కు ఎగబీల్చింది. "ఇది నెత్తురు వాసన కాదు. ఎండబెట్టిన అంజూరం. ఎవరో మంచి ఎండ చూసి, ఉప్పునీళ్ళు చిలకరించి ఎండబెట్టారు. భూతానికి పని బాగా తెలుసే."

అంతలో పైన తలారి గొడ్డలి చప్పుడు వినిపించింది. మోకు తెగింది.

గంప రాయిలా జారింది. పడినది నేల మీద కాదు. పళ్ళ బస్తాల మీద, ఆ బస్తాలు ఉన్న ఇనుప పళ్ళెం మీద. పళ్ళెం కుంగి, తిరిగి లేచి, ఊగింది. ఎక్కడో పైన ఇనుము కిర్రుమన్నది. వెంటనే చుట్టూ కాగడాలు వెలిగాయి.

అది గుహ కాదు, గిడ్డంగి. కొండ కడుపంతా తొలిచి, గోడల వెంట కప్పుదాకా బస్తాలు పేర్చి ఉన్నాయి. నడుమ అగాధం. అడుగున నల్లని నది, నది మీద తాడుతో కట్టిన ఓడ. ఆ అగాధం మీద, కప్పులోని దూలానికి వేలాడుతున్నది ఒక మహా త్రాసు. ఏనుగును తూచగల ఇనుప కాడ, తొట్టెలంత పళ్ళాలు. ఒక పళ్ళెంలో వారిద్దరూ, రెండో పళ్ళెంలో మణుగు రాళ్ళూ. ఆ రెండో పళ్ళెం అవతలి గట్టు అంచున జంభకర్ణుడు నిలబడి ఉన్నాడు. గడ్డంలో కుంకుమ లేదు. మెడలో ఎముకలు లేవు. చెవిలో మాత్రం వర్తకుడిలా ఒక గంటం దోపుకొని ఉన్నాడు. తొడుగు లేని వ్రేలికి తులాద్వీప రాజముద్రిక మెరుస్తున్నది.

"రాజ్యంలో త్రాసు నిషేధించింది నువ్వు" అన్నాడు నీలాంగదుడు.

"నిషేధించకపోతే ఇన్ని పళ్ళు ఊరికే ఎవడిస్తాడు, రాకుమారా? గాలికి భయపడి పండు తెచ్చి పోస్తున్నారు. కుంచాలతో కొలిచేవాళ్ళ దగ్గర తీసుకొని, తూచి కొనేవాళ్ళకు అమ్ముతున్నాను. నీ తండ్రి ముద్ర ఉంటే మీ రేవుల్లో సుంకం కూడా అడగరు. ఆ మూర్ఖుల్లో త్రాసు సంగతి తెలిసినవాడు ఒక్కడూ లేడని విసుగెత్తేది. నువ్వు వచ్చావు. కాని తెలివైనవాడితో నాకు పని లేదు." అతడు వంగి ఒక మణుగు రాయిని గట్టు మీదికి లాగాడు.

అవతలి పళ్ళెం తేలికయింది. ఇవతలిది జర్రున కిందికి దిగింది.

"బస్తాలు" అన్నది మందారిక. ఇద్దరూ కలిసి ఒక బస్తాను అగాధంలోకి తోశారు. పళ్ళెం లేచింది. జంభకర్ణుడు మరో రాయి లాగాడు. వారు మరో బస్తా తోశారు. అతడు తీసేకొద్దీ వారు విసిరారు. గంప పోయింది, తెగిన మోకు పోయింది. ఇక పళ్ళెంలో మిగిలినది ఇద్దరు మనుషులూ, ఖడ్గమూ, ఒక బంగారు కుంచమూ. నది తుంపర కాళ్ళకు తగులుతున్నది. గట్టు తలకు చాలా ఎత్తున ఉంది.

"మీరెంత తూగుతారు?" అన్నది మందారిక.

"ఎందుకు, విసిరేస్తావా?"

"ఆలోచిస్తున్నాను."

ఆమె ఒడిలోని దేవకుంచాన్ని చేతుల్లోకి తీసుకొంది. పుట్టిననాటినుంచి దానికి మొక్కింది. దాని మీద ఒట్టు వేసింది. దాని మూలంగానే ఇప్పుడు చావబోతున్నది. "దీన్ని నదిలో విసిరితే దీని బరువంత తగ్గుతాం. అవునా?"

"అవును."

"ఆ పళ్ళెంలో విసిరితే?"

నీలాంగదుడు ఆమె మొహం చూశాడు. "ఇక్కడ తగ్గుతుంది, అక్కడ పెరుగుతుంది. రెండింతలు."

రోకలి పోట్లు వేసి రాటుదేలిన చేతులవి. బంగారు కుంచం కాగడాల వెలుగులో గిరగిర తిరుగుతూ అగాధం మీదుగా ఎగిరి, అవతలి పళ్ళెంలో ఖంగున పడింది. వారి పళ్ళెం పైకి లేచింది. కాని గట్టుదాకా రాలేదు. ఇంకొక్క మనిషి బరువు కావాలి.

ఆ బరువు తానుగా వచ్చింది. జీవితమంతా ఇతరుల మూఢత్వం మీద బతికిన జంభకర్ణుడు బంగారాన్ని చూడగానే అంతకంటే గొప్ప మూఢుడయ్యాడు. పళ్ళెంలోకి దూకి కుంచాన్ని కౌగిలించుకొన్నాడు. అతడి పళ్ళెం దభాలున కుంగింది. వీరి పళ్ళెం గట్టు మట్టానికి ఎగసింది.

"ఒకరు ముందు దిగితే రెండోవారు కప్పుకు కొట్టుకుంటారు. లెక్కపెడతాను, ఇద్దరం ఒక్కసారే..."

"లెక్కలు చాలు" అని మందారిక అతడి నడుము పట్టుకొని దూకింది.

ఇద్దరూ రాతిగట్టు మీద దొర్లారు. ఎదురు బరువు పోయిన పళ్ళెం గాలిలోకి లేచి దూలాన్ని గుద్దుకొంది. జంభకర్ణుడు కుంచంతో సహా కిందికి, ఇంకా కిందికి, నదిలో నిలిచిన ఓడ మీది పళ్ళ రాశిలోకి పడ్డాడు. చావలేదు. "విలుకాళ్ళూ" అన్న అరుపు పైకి వినిపించింది. ఓడలోంచి నల్లని ముసుగుల మనుషులు లేచి బాణాలు సంధించారు. ఒకడు కట్టుతాడు కోస్తున్నాడు.

ఓడ కదిలితే ఉంగరం పోతుంది. మాంత్రికుడు పోతాడు. అతడు పోతే మందారిక నిర్దోషి అని చెప్పగల నోరు లోకంలో మరొకటి మిగలదు. ఈ బస్తాలు కూడా భూతం దాచుకొన్నవేనని సభ తలలూపుతుంది. నీలాంగదుడు ఖడ్గాన్ని పళ్ళ మధ్య కరచుకొని, అగాధాన్ని చుట్టిన గట్టు వెంట అవతలి అంచుకు పరుగెత్తి, కుంగిన పళ్ళెపు గొలుసును పట్టుకొని సర్రున కిందికి జారాడు. మొదటి బాణం అతడి చెవిని రాసుకొని పోయింది. రెండోది గొలుసు కడియంలో ఇరుక్కుంది. సగం దారిలో, చీకటికీ వెలుగుకూ నడుమ, తప్పుకొనే చోటు లేక అతడు వేలాడుతుండగా, పైన గట్టు అంచున ఏదో బరువుగా రాతి మీద రాసుకొన్న చప్పుడయింది.

తల ఎత్తి చూశాడు. మాంత్రికుడు పళ్ళెంలోంచి లాగి పెట్టిన రాళ్ళలోకెల్లా పెద్దదాన్ని, వెనుకే వచ్చిన మందారిక ఓడకు సరిగ్గా పైన అంచుదాకా దొర్లించి, దాని వెనుక భుజం ఆనించి ఉంది.

"రాకుమారా, గొలుసుతో పాటు కొంచెం ఎడమకు ఊగండి" అన్నది, వంటింట్లో కత్తిపీట జరపమన్నంత తాపీగా. "వచ్చేది కుంచం కాదు. మణుగు."